నూరు గుంటల శాసనం

కొంగలన్నీ ఒక్కలాగే ఉంటాయన్నది మణికుంతల రాజ్యంలో పసిపిల్లలకు కూడా తెలిసిన సంగతే. దానివల్ల తన కొంప ఇలా మునుగుతుందని మాత్రం కొలతగాడు బేతన కలలో కూడా అనుకోలేదు. పొద్దు పొడిచినప్పటి నుంచీ అతను మోకాలి లోతు బురదలో నిలబడి, ఎదురుగా ఉన్న కొంగల గుంపుకు చేతులు జోడించి, "తిలకా! ఓ తిలకా! నేనే, నీ బేతనను!" అని గొంతు చించుకుంటున్నాడు. వేయి కొంగల్లో ఏడు మాత్రం తల తిప్పి చూశాయి. ఆ ఏడింటిలో ఒకటి అతని కేసి రెండడుగులు వేసింది. బేతన చేతులు చాచాడు. ఆ కొంగ అతని కాలి పక్కనున్న కప్పను పొడిచి, మింగి, తన దారిన తాను వెళ్ళిపోయింది.

"నా తిలక కప్పల్ని తినదు," అనుకున్నాడు బేతన. మరుక్షణంలోనే, మూడు రోజులుగా కొంగగా ఉన్న మనిషి కప్పల్ని తినక మరేం తింటుందన్న అనుమానం వచ్చి తల గోక్కున్నాడు.

ఇల్లాలు కొంగ కావడమేమిటని మీకు తోచవచ్చు. బేతనకూ అదే తోచింది. నిరుడు ఏరు పొంగి దిగువపట్నమంతా కొట్టుకుపోయింది. మూడువేల కుటుంబాలు అప్పటి నుంచీ ఏనుగుల కొట్టాల్లో చాపలు కట్టుకొని బతుకుతున్నాయి. వానలు మళ్ళీ మొదలయ్యేలోగా వాళ్ళందరికీ గూడు చూపిస్తానని వజ్రకంఠ మహారాజు మాట ఇచ్చాడు. కొత్తగా కొలువులో చేరిన ఘటోదర సిద్ధాంతి అందుకు కొంగలకోనను చూపించాడు. కోనకు ఒక పాత రాగిరేకు శాసనం ఉంది. సిద్ధాంతి దాన్ని నిండు సభలో గొంతెత్తి చదివాడు.

"కొంగలకోనలో ఊరు కట్టదలచిన రాజు వనదేవతకు నూరు గుంటలు విడిచి తక్కినది ఏలుకొనునది. తప్పిన యెడల, తొలి ఇంట పాలు పొంగించినవారు కొంగలై ఎగిరిపోవుదురు గాక."

నూరు గుంటలు కొలిచే పని బేతన మీద పడింది. గుంటంటే ఎంతో కొలతగాడికి ఒకరు చెప్పాలా? పెరటి తోటంత నేల. అలాంటివి నలభై అయితే ఒక ఎకరం. ఈశాన్యం మూలన తాడు వేసి, ఒకటికి మూడుసార్లు కొలిచి, రెండున్నర ఎకరాలు వనదేవతకు విడిచి, చుట్టూ హద్దురాళ్ళు పాతాడు. ఆ రాజ్యంలో ఊరు కొలిచినవాడికే తొలి ఇల్లు ఇవ్వడం ఆచారం. కొలత పూర్తయిన నాడే బేతనకు పచ్చి గోడల కొత్త ఇల్లు దక్కింది. ఏడాదిగా ఏనుగుల పేడ వాసన పీల్చి పీల్చి విసిగిపోయిన తిలక పసుపు రాసిన గడప దాటి, పొయ్యి వెలిగించి, పాలు పెట్టింది. పాలు పొంగాయి. తిలక నవ్వుతూ భర్త వైపు తిరిగింది. ఆ నవ్వు ఇంకా పూర్తి కాలేదు, మెడ సాగింది, చేతులు తెల్లగా విచ్చుకున్నాయి. కిటికీలోంచి ఒక కొంగ ఎగిరిపోయింది.

తప్పు ఎక్కడ జరిగింది? జానెడు నేల కూడా తక్కువ పడలేదే! మూడు రోజులుగా బేతనకు తిండి లేదు, నిద్ర లేదు. ఉన్నదల్లా భుజాన కొలత తాడు, బుర్రలో ఈ ప్రశ్న.

ఎండ ఎక్కేకొద్దీ అతను కోన లోపలికి నడిచాడు. కొంగలకోన అందం చెప్పాలంటే వేయి నోళ్ళు కావాలి! కళ్ళు మూసుకుంటే తామరల వాసన, కళ్ళు తెరిస్తే వాటి ఎరుపు. రెల్లుపూలు గాలికి ఒరిగినప్పుడల్లా నేల వెండి దుప్పటి కప్పుకొని మళ్ళీ తీసేసినట్టుంది. తుమ్మ కొమ్మల నిండా గిజిగాళ్ళ గూళ్ళు ఊగుతున్నాయి. మొగలి పొదల నీడలో నీటికుక్కలు వెల్లకిలా పడుకొని, పొట్ట మీద గవ్వలు పెట్టుకొని పగలగొట్టుకు తింటున్నాయి. కంచుబిళ్ళల్లాంటి తాబేళ్ళు వరసగా ఎండ కాగుతున్నాయి. ఇంకో రోజైతే బేతన అక్కడే కూర్చుండిపోయేవాడు. ఆ రోజు మాత్రం అతనికి ప్రతి తెల్లటి మెడ మీదా తిలక మొహమే కనిపించింది.

"ఒరే నాయనా, ఎందుకురా నా కొంగల్ని బెదరగొడతావు?"

గట్టు మీద ఒక ముసలమ్మ కూర్చొని తుంగచాప అల్లుతున్నది. జుట్టులో నాచు, వేళ్ళకు ఉంగరాల బదులు నత్తగుల్లలు. ఒళ్ళో ఒక నీటికుక్క గురక పెడుతున్నది. కోనను కాచుకొని ఉండే మడుగవ్వ ఈమేనని బేతనకు చూడగానే తెలిసింది. వెళ్ళి ఆమె కాళ్ళ మీద పడ్డాడు.

"అవ్వా, నా ఇల్లాల్ని నాకిచ్చెయ్. నేను శాసనం తప్పలేదు. నూరు గుంటలూ విడిచాను."

"ఎక్కడ విడిచావు?"

"ఈశాన్యం మూల. రాళ్ళు కూడా పాతాను."

"చూశాన్లే. అక్కడున్నది ఒక్కటే గుంట. అదీ ఎండాకాలం నోరు తెరిచి పడి ఉంటుంది."

"ఒక్కటేమిటి అవ్వా! నూరు! తాడేసి కొలిచాను."

"గుంటల్ని కొలవడమెందుకురా? లెక్కపెడితే చాలదూ?"

"కొలవకుండా ఎలా లెక్కపెడతారు?"

"వేలు పెట్టి చూపించి. నీకెన్ని వేళ్ళున్నాయో కొలుచుకుంటావా?"

ముసలమ్మకు మతి చలించిందని బేతన అనుకున్నాడు. వీడు పొద్దున్నే కల్లు తాగి వచ్చాడని ముసలమ్మ అనుకున్నది. ఇద్దరూ ఒకరి మీద ఒకరు జాలిపడ్డారు.

"సరే అవ్వా," అన్నాడు బేతన, పసివాడికి చెప్పినట్టు. "నీ లెక్కలో ఒక్కో గుంట ఎంత ఉంటుంది?"

"ఒకటి ఈ చాపంత. ఒకటి ఏనుగుల మంద పొర్లేంత. గుంటలన్నీ ఒక్కలా ఉంటాయిట్రా?"

"ఉండి తీరాలి! ఒక్కలా లేకపోతే అది గుంటే కాదు!"

కోపంలో కాలు నేలకేసి కొట్టబోయాడు. అక్కడ నేల లేదు. తామరాకులు చీల్చుకొని బుడుంగుమని మునిగి, నోట్లో నాచుతో పైకి తేలాడు.

"పదిహేడోది," అంది మడుగవ్వ చాప మీంచి తల ఎత్తకుండా.

"ఏది పదిహేడోది?"

"నువ్వు పడ్డ గుంట."

బేతన నీళ్ళలోనే నిలబడిపోయాడు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ అతనికి గుంటంటే నేల. అతని తండ్రికీ, తాతకూ కూడా అంతే. ఈ కోనవాళ్ళకు గుంటంటే నీళ్ళు నిలిచే గుంట! అంతకన్నా తేలిక మాట ఉందా? గేదెలు పడుకునేదాన్ని, పిల్లలు ఈత కొట్టేదాన్ని తను కూడా గుంట అనే అంటాడు కదా! తాడు చేతబట్టిన క్షణం నుంచీ ఆ అర్థం ఎటు పోయింది? అతనికి సిగ్గేసింది. ఆ తర్వాత ఏడుపు వచ్చింది. తన నోట్లో మాటకే ఉన్న రెండో అర్థం మరచినందుకు తన భార్య రెక్కలు కట్టుకొని తిరుగుతున్నది.

"నేను ఇళ్ళు వద్దన్నానురా?" అంది మడుగవ్వ, ఇప్పుడు కాస్త మెత్తగా. "మనుషులు కూడా ఎక్కడో ఒకచోట తల దాచుకోవాలి కదా. ఈ కోనలో ఒకప్పుడు నూట ముప్ఫై గుంటలుండేవి. మీ రాజు విహారానికి మండపం కట్టుకుంటూ ముప్ఫై పూడ్పించాడు. నూరు మిగిలాయి కనుక శాసనం ప్రకారం తప్పు కాదు. ఆ వానాకాలమే ఏరు పొంగింది. నీళ్ళకు పడుకోను చోటు లేకపోతే మీ పడకింట్లోకే వస్తాయి మరి! ఈ నూరూ నూరుగా ఉంటే నీ ఇల్లాలు నీకు వస్తుంది. ఒక్కటి పోయినా కొంగ కొంగే."

అప్పుడే పడమటి నుంచి శంఖం మోగింది. మధ్యాహ్నం శంఖం మోగగానే సిద్ధాంతి తన ఆరు మట్టి భూతాలను కోన మీదికి వదులుతాడు. ఒక్కొక్కటి తాటిచెట్టంత ఎత్తు, ఒక్కో గంపలో సగం గుట్ట. చెప్పిన మాట చెప్పినట్టు చేయడం తప్ప వాటికి మరేమీ తెలీదు. నిన్న సిద్ధాంతి వాటికి ఆజ్ఞ ఇస్తున్నప్పుడు బేతన పక్కనే ఉన్నాడు.

"కొలిచిన గుంటలు విడవండి! కొలవని గుంటలన్నీ పూడ్చండి!"

నిన్న ఆ మాట ఎంతో న్యాయంగా వినిపించింది. ఇవాళ వెన్నులో చలి పుట్టించింది. మట్టి భూతాలకు ఎకరాలూ గుంటలూ తెలుసా? గుంటంటే వాటికి పల్లమే. ఈ నూటిలో బేతన ఒక్కదాన్నీ విడిగా కొలవలేదు. నూరూ పోతాయి.

"అయితే," అన్నాడు బేతన గట్టు మీదికి పాకుతూ, "కొలిస్తే పోవు!"

భుజం మీది తాడు విప్పాడు. విప్పాక మళ్ళీ అయోమయంలో పడ్డాడు. కొలత తాడుకు రెండు కొసలుంటాయి, బేతన ఒక్కడే ఉన్నాడు. ఇన్నేళ్ళుగా రెండో కొస పట్టుకున్నది తిలక. ఎండలో, ముళ్ళలో, ఏడో నెల కడుపుతో ఉన్నప్పుడు కూడా ఆమే పట్టుకున్నది. ఆ బిడ్డ దక్కలేదు. పదో రోజున తిలక లేచి మళ్ళీ తాడు పట్టుకున్నది. కొసను నేల మీద పడేసి, ఏ రాయికి కట్టాలా అని బేతన చుట్టూ వెతుకుతుండగా వెనక ఏదో లాగినట్టయింది.

తిరిగి చూశాడు. ఒక కొంగ తాడు కొసను ముక్కున కరచుకొని, గుంట అవతలి గట్టున నిలబడి ఉంది. తాడును కొంచెం ఎడమకు లాగి, బిగువు చూసుకొని, ఇక కానివ్వమన్నట్టు మెడ పక్కకు వంచింది.

పొద్దుటి నుంచీ వేయి కొంగల మొహాలు వెతికిన బేతనకు ఈసారి ఒక్క క్షణం కూడా పట్టలేదు. "తిలకా!" అంటూ పరుగెత్తబోయాడు. కొంగ తాడును విసురుగా లాగింది. పని వేళ ముచ్చట్లాడితే తిలక ఎప్పుడూ అలాగే లాగేది.

ఇక చూడాలి ఆ పరుగు! బేతన ఇటు నుంచి, కొంగ అటు నుంచి, మధ్యన తాడు. కొసలు కలవగానే "ఒకటి!" అని కేక. ఎగువన తామర గుంట, "రెండు!" దిగువన నీటికుక్కల గుంట, "మూడు!" పెద్దవాటికి రెండు మూడు తాళ్ళ పొడవు పట్టింది, చిన్నవాటికి నాలుగంగలు చాలాయి. మొగలి ముళ్ళు ఒళ్ళు చీరాయి. జలగలు పిక్కలకు అంటుకున్నాయి. మడుగవ్వ నీటికుక్కను చంకన పెట్టుకొని ముందు నడుస్తూ, "ఇదొకటి, అదొకటి, ఆ పొద వెనక ఇంకొకటి," అని చూపించింది. ముప్ఫై తొమ్మిదో గుంట దగ్గర నేల అదిరింది. తుమ్మచెట్ల పై నుంచి బొమ్మలాంటి మట్టి తల ఒకటి తొంగి చూసింది. నలభయ్యో గుంట మీద గంప ఒరిగింది. బేతన అప్పటికి గుంటలో పీకల్దాకా ఉన్నాడు.

"కొలిచావా?" అంది భూతం, బండలు దొర్లినట్టు.

కొంగ మెడ చాచింది. బేతన ఆ ముక్కు పట్టుకున్నాడు. కొసలు కలిశాయి.

"కొలిచాను! నలభై!"

భూతం ఎంతో నిరాశగా గంప నిలబెట్టి, మట్టి తొణకకుండా సర్దుకొని, మరో గుంట వెతుక్కుంటూ పోయింది.

పరుగెత్తుతూనే బేతన ఒక సంగతి కనిపెట్టాడు. ఏ రెండు గుంటల మధ్య చూసినా గట్టి గట్టు ఉంది. వరద మరక కూడా ఎక్కని ఎత్తు. సిద్ధాంతి గీసినట్టు చదరంగం పలకలా కాకుండా, గట్టు ఎటు తిరిగితే ఇళ్ళూ అటు తిరిగితే? కొలతగాడి బుర్ర కాళ్ళతో పాటే లెక్క వేసింది. రెండువేల ఆరువందల ఇళ్ళు పడతాయి. సంతోషంతో కేక వేయబోయి, ఆగిపోయాడు. కుటుంబాలు మూడువేలు. మిగిలిన నాలుగువందల గడపలూ ఎక్కడ? ఎలా తిప్పి చూసినా అంతకు మించి రాలేదు. ఆ నాలుగువందలూ అతని వెనకే తరుముకొస్తున్నట్టనిపించింది.

పొద్దు పడమటికి వాలింది. "తొంభై తొమ్మిది!" అని అరచి బేతన గట్టు మీద కూలబడ్డాడు. "నూరోది ఏది అవ్వా?"

మడుగవ్వ మొదటిసారి తల వంచుకుంది.

"నూరోదాని మీద నువ్వు అరుగు వేసుకున్నావు నాయనా."

తన ఇల్లు! కొత్త ఇంటి నేల ఎప్పుడు చూసినా చెమ్మగా ఎందుకుండేదో, రాత్రి కప్పల కూత మంచం కింద నుంచే ఎందుకు వినిపించేదో బేతనకు అప్పుడు తెలిసింది. ఇంటికి పరుగెత్తి, గోడ పక్కన పడి ఉన్న పార అందుకున్నాడు. కొంగ తాడు వదలకుండా వెంట ఎగిరింది, మడుగవ్వ కూడా వెనకే వచ్చింది. వెనక నుంచి ఆరు భూతాలూ పూడ్చడానికి ఏమీ దొరకక, నిండు గంపలతో అటే వస్తున్నాయి.

తలుపు తోసిన బేతన గడపలోనే నిలిచిపోయాడు. లోపల ఒక ఆడమనిషి కూర్చొని చంటిపిల్లకు గంజి తాగిస్తున్నది. ఏనుగుల కొట్టంలో వాళ్ళ పక్క చాపలో ఉండే నాంచారి. నిరుటి వరద ఆమె భర్తను తీసుకుపోయింది.

"ఇల్లు ఖాళీగా ఉందని వచ్చానన్నా," అంది భయంగా లేస్తూ. "పిల్లకు దగ్గు తగ్గట్లేదు. పొమ్మంటే పోతాను."

బేతన ఆమెను పొమ్మని ఎలా అంటాడు? అనకుండా ఎలా? ఆయాసపడుతూ, ముందుది వెనకా వెనకది ముందూ చేసి ఏదో చెప్పాడు. అరుగు, గుంట, కొంగ, భూతాలు, ముప్ఫై గుంటల మండపం. నాంచారికి సగం అర్థం కాలేదు. మండపం దగ్గర మాత్రం ఆమె చెయ్యెత్తి ఆపింది.

"ఆ గుంటలు పూడ్చబట్టే ఏరు మా మీదికి వచ్చిందా?"

"అవును."

"ఇదీ అలాంటి గుంటేనా?"

"అవునమ్మా. గట్టు మీద కొలతగాడి వంతు ఇల్లు నీకు రాసిస్తాను."

"మరి నువ్వెక్కడుంటావు?"

"నాకు తెలీదు," అన్నాడు బేతన. నిజంగానే తెలీదు.

నాంచారి పిల్లను మడుగవ్వ చేతిలో పెట్టి, బేతన దగ్గర పార లాక్కొని, నట్టింట్లో మొదటి దెబ్బ తానే వేసింది. రెండో దెబ్బకు గచ్చు పగిలింది. పచ్చిగోడలు ఒక్కొక్కటే బయటికి ఒరిగాయి. పదో దెబ్బకు నేల కింద నుంచి ఊట బుసకొట్టింది. తక్కిన నేలను భూతాల అడుగులే అదిరించి కిందికి కుంగదీశాయి. చూస్తుండగానే ఇల్లు పోయి, దాని చోట ఎర్రటి నీళ్ళు సుళ్ళు తిరిగాయి.

బేతన ఇటు నుంచి, కొంగ అటు నుంచి చుట్టారు. ఆరు గంపలూ గుంట మీదికి వంగాయి. కొసలు కలవలేదు! పొద్దంతా తడిసిన జనపతాడు బిగుసుకుపోయి మూరెడు కురచ అయింది. బేతన లాగాడు. తాడు సాగలేదు. మొదటి గంప అంచు నుంచి మట్టి రాలసాగింది. తాడు కొసను ఎడమచేత బిగించి, ఒళ్ళంతా చాచి, కుడిచేతిని గుడ్డిగా ముందుకు విసిరాడు.

ముక్కు తగులుతుందనుకున్న చేతికి గాజులు తగిలాయి.

"కొలిచాను!" అని అరిచాడో ఏడ్చాడో అతనికే తెలీదు. "నూరు!"

బురదలో మోకాళ్ళ మీద, జుట్టు నిండా తెల్లటి ఈకలతో, తాడు కొస పళ్ళ మధ్య పట్టుకొని తిలక కూర్చొని ఉంది. భూతాలు గంపలు నిలబెట్టాయి. అంతలో పట్టుబట్టలు జలజలమనిపిస్తూ ఘటోదర సిద్ధాంతి గట్టు మీదికి వచ్చాడు. అతని ముఖం పున్నమి చంద్రుడిలా ఉంది. నీళ్ళలో అతని నీడను చూసి నాంచారి కెవ్వున కేక వేసింది. నీడకు బోడి మెడ, వంకర ముక్కు, రెప్పలు లేని కళ్ళు. నిలిచిన నీరు ఎక్కడున్నా తన అసలు రూపు బయటపడుతుందనే ఆ మాంత్రికుడు రాజ్యంలో ఒక్క గుంటనూ మిగలనివ్వదలచుకోలేదు.

తన నీడను తనే చూసుకొని సిద్ధాంతి పళ్ళు పటపటా కొరికాడు.

"గుంటల సంగతి తర్వాత! కొలిచినవాణ్ణి పూడ్చండి!"

ఆరు మట్టి తలలూ కిందికి వంగాయి. "కొలిచినవాడు ఎవడు?" అంది పెద్ద భూతం.

"నేనే," అన్నాడు బేతన, తిలక చేతిలోంచి తన చేతిని విడిపించుకోబోతూ.

తిలక వదల్లేదు. పళ్ళ మధ్య నుంచి తాడు తీసి, మూడు రోజులుగా మాట మరచిన గొంతు సవరించుకుంది. "ఆయన పట్టుకున్నది ఒక కొసే. రెండోది నేను పట్టుకున్నాను," అంది.

భూతం కాసేపు తల గోక్కుంది. తర్వాత ఒక చేత్తో తన గంప, రెండో చేత్తో పక్క భూతం గంప ఎత్తింది, ఒక్కో కొసకు ఒకటి.